లేబుల్ మీద ఏముంది మాస్టారూ

జనవరి 21

రిటైరయ్యాక డైరీ రాయటం మానేశాను. ఏముంది రాయటానికి? పాలవాడు ఆలస్యంగా వచ్చాడు, కరెంటు పోయింది, మా ఆవిడ సీతారావమ్మ బీపీ మాత్ర మర్చిపోయింది. ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పినవాడికి తన సొంత రోజుల్లో చెప్పుకోదగ్గ చరిత్ర లేకపోవటం కాస్త చిన్నతనంగానే ఉంటుంది. ఇవాళ మళ్ళీ పుస్తకం తీశానంటే రూతు వచ్చినందుకు.

వినగడప నుంచి షేర్ ఆటోలో వచ్చింది. కొంగుకి కట్టిన ముడి విప్పి పేపరు ముక్క నా చేతిలో పెట్టింది. ప్రకటన. పురుగుమందుల మీద కొత్త చట్టం తెస్తున్నారు. ఆ బిల్లుని పార్లమెంటు ఒక కమిటీకి పంపింది. ఆ కమిటీ వాళ్ళు పదిహేను రోజుల్లోగా ఎవరైనా సరే తమ అభిప్రాయాలు రాసి పంపవచ్చు అంటున్నారు. చర్చిలో పాస్టరు సుందరరావుగారు చదివి వినిపించారట.

"మీరు రాసిపెట్టాలి మాస్టారూ" అంది.

"ఏమని రాయమంటావమ్మా?"

"మా ఆయన మందు తాగలేదని."

ఆవిడ భర్త యేసురాజు. ఎనిమిదో తరగతిదాకా నా దగ్గరే చదివాడు. పోయిన సంవత్సరం ఫిబ్రవరిలో, రెడ్డిగూడెం దగ్గర నా మామిడితోటలో పూతకి మందు కొడుతూ పడిపోయాడు. పోలీసు కాగితాల్లో మాత్రం 'పురుగుమందు తాగి మరణించినట్లు అనుమానం' అని ఉంది. ఊళ్ళో వాళ్ళకి అనుమానం అన్న మాట అక్కర్లేదు కదా, తాగాడన్నది ఒక్కటీ పట్టుకున్నారు. సమాధుల తోటలో అతన్ని అందరితో పాటు పెట్టకుండా ఓ మూల కంచె పక్కన పెట్టారు. ప్రాణం తీసుకున్నవాడికి అంతకన్నా చోటివ్వలేమని పెద్దలు అన్నారట.

ఆ రోజు తోటలో అతనూ నేనూ తప్ప మూడో మనిషి లేడు.

రాస్తానన్నాను. మాస్టార్ని, రాయమంటే కాదనటం ఎట్లా?

జనవరి 22

బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు వంశీకృష్ణ బిల్లు మొత్తం ప్రింటు తీసిచ్చాడు. అరవై రెండు క్లాజులు. పొద్దున్న కాఫీతో కూర్చున్నవాడిని భోజనానికి సీతారావమ్మ మూడుసార్లు పిలిస్తే గాని లేవలేదు.

నిజం చెప్పాలంటే సంతోషంగానే ఉంది. ఎన్నేళ్ళు బోర్డు మీద రాశాను, బిల్లు చట్టంగా మారే దశలు! ప్రవేశపెట్టటం, కమిటీ పరిశీలన, చర్చ, ఓటింగు, రాష్ట్రపతి సంతకం. కమిటీ దగ్గర ఒక్క వాక్యం చెప్పి ముందుకెళ్ళిపోయేవాణ్ణి. అది పరీక్షలో రాదు. ఓ ఏడు మా స్కూల్లో మాక్ పార్లమెంటు పెడితే, టైము చాలదని ఆ కమిటీ ముక్క నేనే కోసేశాను. అప్పుడు ఎనిమిదిలో ఉన్న యేసురాజు లేచి, "ఆ కమిటీ వాళ్ళు ఎవర్నడుగుతారు మాస్టారూ?" అన్నాడు. "తెలిసినవాళ్ళని" అన్నాను. "ఎవరికి తెలుసో వాళ్ళకెట్లా తెలుస్తుంది?" అన్నాడు. కూర్చోమన్నాను.

వాడికి ప్రతిదీ అడగటం అలవాటు.

బిల్లులో తయారుచేసేవాడున్నాడు, దిగుమతి చేసేవాడున్నాడు, అమ్మేవాడున్నాడు, కొనే రైతున్నాడు. కూలికి వచ్చి మందు కొట్టేవాడు ఎక్కడా లేడు. ఎర్ర పెన్ను పట్టుకుని మళ్ళీ మొదటినుంచీ వెతికాను. లేడు.

జనవరి 23

రూతు వచ్చింది. కమిటీ అంటే ఏమిటో అడిగింది. సభలో అన్ని వందలమంది ఉన్నచోట వివరంగా చూడటం కుదరదు కాబట్టి, ముప్పై ఒక్కమంది విడిగా కూర్చుని ఒక్కొక్క క్లాజూ చదువుతారని, అధికారుల్ని పిలిచి ఎందుకిలా రాశారని నిలదీస్తారని, ఆ పనితో సంబంధం ఉన్న మామూలు మనుషుల మాట కూడా వింటారని చెప్పాను.

"అయితే చట్టం రాకముందే మన మాట చెప్పుకోవచ్చా?"

"చెప్పుకోవచ్చు."

"మాకు పోయిన తర్వాత ఏడవటమే తెలుసు మాస్టారూ" అంది.

కమిటీ చెప్పినంత మాత్రాన ప్రభుత్వం వినాలని లేదని కూడా చెప్పాను. పోలీసు కాగితం వాళ్ళు దిద్దరని చెప్పాను. తలూపింది. "పార్లమెంటు పుస్తకంలో ఒక్కచోట ఉంటే చాలు. అది చూపించి మా పాస్టరుగార్ని అడుగుతాను, మా ఆయన్ని మూలనుంచి తీసి మావాళ్ళ పక్కన పెట్టమని."

ఇదన్నమాట ఆవిడకి కావలసింది.

జనవరి 24

మధ్యాహ్నం పన్నెండింటికి మందు కొట్టే పవర్ స్ప్రేయర్ చప్పుడు. గేటుదాకా వెళ్ళి చూశాను. వీధిలో కుక్క పడుకుని ఉంది, అంతే.

జనవరి 26

వినతిపత్రం ఇంగ్లీషులో రాయాలి, లేదా హిందీలో. తెలుగులో పంపితే ఏమవుతుందో రాయలేదు. ఇంగ్లీషులోనే రాశాను. నా ఇంగ్లీషుకేం లోటు లేదు.

మొదటి పేజీ: పని చేస్తూ విషం సోకి చనిపోయిన కూలీలు కూడా ఆత్మహత్యల కిందే నమోదవుతున్నారు. రెండో పేజీ: బిల్లులో 'మందు కొట్టే కూలి' అనే మాటకి నిర్వచనం పెట్టాలి, అతనికి ముసుగూ చేతి తొడుగులూ ఇచ్చే బాధ్యత యజమానిది కావాలి, డబ్బా మీది హెచ్చరిక అతనికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి. ఈ చివరిది రాసి కొట్టేశాను. మళ్ళీ రాశాను.

మూడో పేజీలో యేసురాజు. 'గాలి తిరిగి మందు మీద పడటం వల్ల' అని రాశాను. గాలి తిరిగిందా ఆ రోజు? తిరిగే ఉంటుంది.

'డబ్బా మీద ఉన్న సూచనల ప్రకారమే కలపటం జరిగింది.' ఈ వాక్యం బాగుంది. ఎవరు కలిపారో చెప్పనక్కర్లేదు.

జనవరి 28

వంశీకృష్ణ టైపు చేశాడు. రెండు కాపీలు. కమిటీ ముందు స్వయంగా హాజరై చెప్పదలుచుకున్నారా అని అడిగినచోట 'లేదు' అని పెట్టమందామనుకున్నాను. రూతు నా పక్కనే నిలబడి ఉంది. ఏమడుగుతున్నారు మాస్టారూ అంది. చెప్పాను.

"మీరు వస్తానని పెట్టండి. మీకన్నా తెలిసినవాళ్ళెవరు?"

అవును అని పెట్టాడు. ఆవిడ వేలిముద్ర, నా సంతకం. స్పీడ్ పోస్టు.

ఇన్ని వేలమంది పంపుతారు, మా తిరువూరు నుంచి వెళ్ళిన కాగితం ఎవరు చూస్తారు?

ఫిబ్రవరి 3

చేతులు పురుగుమందు వాసన వేస్తున్నాయి. సీతారావమ్మని వాసన చూడమంటే సబ్బు వాసన అంది.

ఫిబ్రవరి 9

యేసురాజు పోయి ఏడాది అయింది. వినగడపలో ప్రార్థన కూడిక పెట్టారు. రమ్మని రూతు రెండుసార్లు ఫోన్ చేసింది. మోకాళ్ళ నొప్పని చెప్పాను. మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

ఆ రోజు ఏం జరిగిందో ఒకసారి వరసగా రాసుకుంటే తల తేలికపడుతుందేమో.

పొద్దున్న ఏడుకి నా మోటారుసైకిల్ వెనక యేసురాజు ఎక్కాడు, ఒళ్ళో పైపు చుట్ట. పూత మీద తేనెమంచు పురుగు పట్టింది. ఆకులు జిగటగా ఉన్నాయి. ఆలస్యం చేస్తే కాపు పోతుంది. మందు ముందురోజే షాపులో కొన్నాను, ఎప్పుడూ కొట్టేది లేదని కొత్తది ఇచ్చాడు. ఇంజన్ దగ్గర డ్రమ్ములో నీళ్ళు నింపాడు యేసురాజు. డబ్బా తీసి అటూ ఇటూ తిప్పి, సన్నటి ఇంగ్లీషు అక్షరాలు చూసి నా చేతికిచ్చాడు.

"లేబుల్ మీద ఏముంది మాస్టారూ?"

అడిగాడు. చదివి చెప్పాను. మామూలు మందే, ఏం లేదు, డ్రమ్ముకి రెండు మూతలు అని చెప్పాను. ముఖానికి తువ్వాలు కట్టుకోమన్నాను కూడా. కట్టుకున్నాడు.

మామిడికి మందు కొట్టటమంటే తల పైకెత్తి కొట్టాలి. కొట్టింది కొట్టినట్టు ముఖం మీదకే జారుతుంది. పదకొండింటికి తువ్వాలు తడిసి ముక్కుకి అతుక్కుంది. తీసేశాడు. పన్నెండింటికి పడిపోయాడు. నేను షెడ్డు కింద ఉన్నాను.

ఇంతే. ఇందులో నేను చేసిన తప్పేముంది?

ఫిబ్రవరి 10

నిన్న రాసింది మళ్ళీ చదివాను. 'చదివి చెప్పాను' అన్నచోట అక్షరాలు వంకరపోయాయి. నా దస్తూరి ఎప్పుడూ అట్లా ఉండదు.

ఫిబ్రవరి 17

మధ్యాహ్నం మళ్ళీ ఆ చప్పుడు. భోజనం వదిలేసి లేచాను. "ఏమైందండీ?" అంది సీతారావమ్మ. ఎవరో మందు కొడుతున్నారన్నాను. "ఊరి మధ్య ఎవరు కొడతారు?" అంది. నిజమే, ఎవరు కొడతారు?

మార్చి 2

ఉత్తరం వచ్చింది. కవరు మీద పార్లమెంటు పేరు చూసి పోస్ట్‌మన్ గేటు దగ్గరే సంతకం పెట్టించుకుని ఇచ్చాడు. ఈ నెల పద్నాలుగున కమిటీ విజయవాడ వస్తోంది. రూతు, నేను సాక్షులుగా హాజరవ్వాలి. రాసి పంపినదాంట్లో ఏదీ బయట ప్రచురించకూడదట, అది ఇప్పుడు కమిటీ ఆస్తి. సాక్ష్యం మామూలుగా బహిరంగమే అయినా, ఏదైనా భాగాన్ని గోప్యంగా ఉంచమని సాక్షి కోరవచ్చట. ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీశాను.

రూతుకి ఫోన్ చేసి చెప్పాను. "ఆయన పేరు చెప్పి పిలిచారా మాస్టారూ?" అంది. అవునన్నాను. కాదు, మా ఇద్దరి పేర్లే ఉన్నాయి. అయినా అవునన్నాను.

మార్చి 5

సాక్ష్యం ఎట్లా చెప్పాలో పడక్కుర్చీలో కూర్చుని పైకే అనుకుంటున్నాను. 'డబ్బా మీద సూచనలు నేనే చదివి వినిపించాను' దగ్గరికి వచ్చేసరికి సీతారావమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంది:

"కళ్ళజోడు లేకుండానా?"

పడక్కుర్చీలోంచి లేవబోయాను.

"ఆ రోజు మీరు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసినప్పుడు కళ్ళజోడు టీవీ మీద ఉంది. పొద్దున్నే మర్చిపోయి వెళ్ళారు. నేనే తీసి సొరుగులో పెట్టాను. మీరు వచ్చి వెతుక్కుంటే ఇచ్చాను."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదే?"

"మీరు చెప్తారేమో అని చూశాను" అంది. చిక్కుడుకాయల పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సరే. రాస్తాను. ఇది ఎవరూ చదవరు.

నేను చదవలేదు. నాకు ఆ అక్షరాలు కనపడలేదు. ఎర్ర రంగేదో మసగ్గా కనిపించింది. కళ్ళజోడు మర్చిపోయానురా, అట్టపెట్టెలో తెలుగు కాగితముంటుంది, నువ్వే చూడు అంటే అయిపోయేది. అనలేకపోయాను. వాడికి పాఠాలు చెప్పినవాణ్ణి, వాడి ముందు నాకు కనపడటం లేదని ఎట్లా అనను? డబ్బా దూరంగా పట్టుకుని చదువుతున్నట్టు పెదాలు కదిపాను. ఎంతసేపు కదిపానో కూడా గుర్తుంది. వాడు నమ్మకంగా నిలబడి చూస్తున్నాడు. తర్వాత చెప్పాను, మామూలు మందే, రెండు మూతలు.

ఒక మూత కలపాలి.

ఆసుపత్రిలో డాక్టరు, "ఏ మందు? పేరు చెప్పండి, విరుగుడు దాన్నిబట్టే ఇవ్వాలి" అన్నాడు. పేరు తెలియదు. చదివితే కదా తెలిసేది! "తేనెమంచు పురుగుది" అన్నాను. డబ్బా తెమ్మన్నాడు. తోటకి వెళ్ళి తెచ్చేసరికి గుడ్డ కప్పేశారు. విరుగుడు పేరు ఆ డబ్బా మీదే ఉంది.

సాయంత్రం ఎస్సై అడిగాడు, "తాగాడా?" అని. "నేను చూడలేదండి" అన్నాను. తాగటం చూడలేదన్నమాట నిజమే. కాని కొడుతూ కొడుతూ గొట్టం వదిలేసి మోకాళ్ళ మీద కూలబడటం చూశాను. అది చెప్తే, ఏం మందు, ఎవరు కలపమన్నారు అని తర్వాత ప్రశ్నలుంటాయి. అందుకని చూడలేదన్నాను. ఆ ఒక్క మాటతో వాణ్ణి కంచె పక్కకి పంపించాను.

మార్చి 6

ఏమీ రాయబుద్ధి కావటం లేదు.

మార్చి 11

ఆరోగ్యం బాగాలేదని ఉత్తరం రాసి రాలేనని చెప్పవచ్చు. డ్రాఫ్టు రాశాను. సీతారావమ్మ చదివి, మడిచి, నా చొక్కా జేబులోనే పెట్టింది. తిట్టినా బాగుండేది.

మార్చి 14, విజయవాడ నుంచి వచ్చాక

మైలవరం మీదుగా బస్సులో వెళ్ళాం. రూతు కిటికీ పక్కన కూర్చుంది. తెల్లచీర, ఒళ్ళో బైబిలు. దారి పొడుగునా మామిడితోటలే. ఒకచోట ఎవరో మందు కొడుతున్నారు. ఇద్దరం చూశాం.

ఒక పెద్ద గెస్ట్‌హౌస్ హాలు. టీవీలో చూసే అరుపులు లేవు. గుర్రపునాడా ఆకారంలో బల్లలు, ఒక్కొక్కరి ముందు బిల్లు ప్రతి. చాలా ప్రతుల్లో మార్జిన్లలో రాతలున్నాయి. ఆ రాతలు చూస్తే నాకు భయం వేసింది. వీళ్ళు చదివి వచ్చారు.

ఒక్కొక్కర్నీ పిలుస్తున్నారు. రూతు ముందు వెళ్ళింది. పావుగంట తర్వాత బయటికొచ్చి, "తాగలేదని చెప్పాను. నువ్వు చూశావా అన్నారు. నేను చూళ్ళేదు, మా మాస్టారు చూశారని చెప్పాను" అంది.

నన్ను పిలిచారు. అధ్యక్షురాలు పెద్దావిడ, మెల్లగా మాట్లాడింది. "కూలీల గురించి క్లాజు ఎందుకు లేదని అధికారుల్ని అడిగాం. అలాంటి మరణాలు రికార్డుల్లో లేవన్నారు. అన్నీ ఆత్మహత్యలే అన్నారు. మీరు చూసిందేమిటి?"

ఇంగ్లీషులో సిద్ధం చేసుకున్నదంతా పోయింది. తెలుగులో చెప్పాను. అనువదించే అధికారి పక్కనే కూర్చున్నాడు. గొట్టం వదిలేసి కూలబడ్డాడని చెప్పాను. తాగలేదని చెప్పాను. ఎస్సైకి చూడలేదని అబద్ధం చెప్పానని కూడా చెప్పాను. చివర కూర్చున్న ఒక సభ్యుడు నా వినతిపత్రం తిరగేసి, "సూచనల ప్రకారమే కలిపాం అని రాశారు. సూచనలు ఎవరు చదివారు?" అన్నాడు.

ఒక్క వాక్యం మీద వేలు పెట్టాడు. నేను బాగుందనుకున్న వాక్యం మీద.

"ఇది గోప్యంగా ఉంచమని కోరుతున్నానండి" అన్నాను. అధ్యక్షురాలు తలూపి, మీ పేరు బయటికి రాదంది. అప్పుడు చెప్పాను. కళ్ళజోడు, పెదాలు కదపటం, రెండు మూతలు, డాక్టరు, అన్నీ. నేను ఒక వాక్యం చెప్పి ఆగుతున్నాను, ఆయన ఇంగ్లీషులో చెప్తున్నాడు. ప్రతి తప్పూ రెండుసార్లు విన్నాను.

ఎవరూ కోప్పడలేదు. ఒకాయన మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ దానివైపే చూస్తూ ఉండిపోయాడు.

బయట రూతు లేచి నిలబడింది. "చెప్పారా మాస్టారూ?"

"చెప్పానమ్మా."

"అంతా?"

"అంతా."

నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆ వాసన ఆవిడకి రాలేదేమో.

మార్చి 29

నా సాక్ష్యం టైపు చేసి పంపారు. తప్పులుంటే దిద్ది పంపాలట. పొరపాట్లు దిద్దవచ్చు గాని చెప్పినదాన్ని మార్చకూడదు. ఎర్ర పెన్ను తీసుకుని కూర్చున్నాను. రెడ్డిగూడెం స్పెల్లింగ్ ఒకచోట తప్పుంది. దిద్దటానికి ఇంకేం దొరకలేదు.

ఏప్రిల్ 20

రూతు ఫోన్. రిపోర్టు వచ్చిందా అని. లేదన్నాను.

మే 25

రూతు ఫోన్. లేదన్నాను. తోటలో కాయ దిగిపోయింది, ఈసారి బాగా కాసింది. ఒక్క పండు నోట పెట్టలేదు నేను.

జూన్ 18

చేతులు మళ్ళీ వాసన.

ముప్పై ఒక్కమందికి తెలుసు. అనువదించిన అధికారికి, టైపు చేసినవాళ్ళకి తెలుసు. సీతారావమ్మకి మొదటినుంచీ తెలుసు. తెలియనిది ఒక్క రూతుకే. చెప్పేశాను కదా అనుకుంటే మనసు ఒప్పుకోవటం లేదు. ఎవరికి చెప్పాలో వాళ్ళని వదిలి ప్రపంచంలో అందరికీ చెప్పాను.

ఆగస్టు 6

రిపోర్టు సభలో పెట్టారు. వంశీకృష్ణ ప్రింటు తీశాడు. మందు కొట్టే కూలికి నిర్వచనం పెట్టాలని, యజమాని బాధ్యతలతో కొత్త క్లాజు చేర్చాలని, పని చేస్తూ విషం సోకిన మరణాలకి వేరే నమోదు ఉండాలని సిఫార్సు చేశారు. యాభై ఏడో పేజీలో మా సంగతి ఉంది, పేర్లు లేకుండా. ఐదు వాక్యాలు. చదివి మడిచి బీరువాలో పెట్టాను. రేపు రూతుకి ఫోన్ చేయాలి.

ఆగస్టు 12

చేయలేదు.

ఆగస్టు 13

పాస్టరుగారు పేపర్లో చూసి చెప్పారట. పొద్దున పదింటికల్లా రూతు గుమ్మంలో ఉంది. సీతారావమ్మ మంచినీళ్ళిచ్చింది. బీరువాలోంచి కాగితాలు తీశాను.

"మా ఆయనది ఎక్కడుంది?"

యాభై ఏడో పేజీ చూపించాను. వేలితో అక్షరాలు తడిమింది, ఇంగ్లీషు.

"ఏముంది మాస్టారూ దానిమీద?"

అదే మాట. అదే మొహం పెట్టి, అంత నమ్మకంగానూ.

సీతారావమ్మ కళ్ళజోడు తెచ్చి నా చేతిలో పెట్టి వంటింటి గుమ్మంలో నిలబడింది. పెట్టుకున్నాను.

మొదటి వాక్యం తెలుగులో చెప్పాను: "ఆంధ్రప్రదేశ్‌లో కమిటీ ముందు హాజరైన ఒక సాక్షి, తన మామిడితోటలో మందు కొడుతూ మరణించిన కూలి మందు తాగలేదని, కొడుతూ ఉండగా కూలబడటం తాను కళ్ళారా చూశానని చెప్పారు."

రూతు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడాదిన్నరగా ఆవిడ అడిగింది ఇదొక్కటే. ఇక్కడ ఆపేయవచ్చు. మిగతాదంతా సిఫార్సులేనమ్మా అంటే కాగితం తీసుకుని సంతోషంగా వెళ్ళిపోతుంది. ఇంగ్లీషు, ఆవిడకి చదవటం రాదు. చదివినవాణ్ణి నేను.

పెదాలు కదపటం నాకు బాగా వచ్చు.

రెండో వాక్యం చదివాను. "పోలీసులకు ఈ విషయం చెప్పలేదని సాక్షి అంగీకరించారు." మూడోది చదివాను. "తోట యజమాని అయిన ఆ సాక్షి, డబ్బా మీద హెచ్చరిక ఏముందని కూలి అడిగినప్పుడు, కళ్ళజోడు లేక చదవలేకపోయినా చదివినట్టు చెప్పి, రెట్టింపు మోతాదు కలిపించారు." నాలుగోది చదివాను. "మందు పేరు చెప్పలేకపోవటంతో సకాలంలో విరుగుడు అందలేదు." ఐదోది సిఫార్సు. అది కూడా చదివాను.

రూతు కొంగు తీసింది. నావైపు చూడలేదు, కాగితం వైపే చూస్తోంది.

"అడిగాడా?"

"అడిగాడమ్మా."

"అడుగుతాడు. ఏదైనా అడిగి గాని చెయ్యడు." కాగితం నావైపు తోసి, "మళ్ళీ చదవండి" అంది.

మళ్ళీ చదివాను. క్షమించమని అడగబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"అది తర్వాత. ఆదివారం మా చర్చికి రండి. అందరూ ఉంటారు, పెద్దలూ ఉంటారు. అక్కడ చదవండి. ఇట్లాగే, మొత్తం. సగం చదివి ఆపొద్దు."

"అందులో నా పేరు లేదు రూతమ్మా" అన్నాను. ఎందుకన్నానో! ఆ పుస్తకంలో గోప్యంగా ఉంచుతారన్న ధీమా ఇంకా నాలో ఎక్కడో ఉన్నట్టుంది.

"చదివేది మీరేగా" అంది.

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఎప్పుడూ వెళ్ళొస్తాను మాస్టారూ అని వెళ్ళేది. గ్లాసులో నీళ్ళు అట్లాగే ఉన్నాయి.

ఆగస్టు 14

వెళ్ళకపోతే ఏమవుతుందని ఆలోచించాను. ఏమీ కాదు. కంచె పక్కన వాడు అట్లాగే ఉంటాడు.

ఆగస్టు 16, ఆదివారం

తొమ్మిదింటికి ఆటో. స్నానం అయింది, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. యాభై ఏడో పేజీ తెలుగులో నా దస్తూరితో రాసిపెట్టుకున్నాను. 'సాక్షి' అన్నచోటల్లా కొట్టేసి 'నేను' అని దిద్దాను. ముప్పై నాలుగేళ్ళ ఎర్ర పెన్ను అంతకన్నా సరైన దిద్దుబాటు ఏదీ చేసినట్టు గుర్తులేదు.

స్ప్రేయర్ చప్పుడు పొద్దుటినుంచీ వినిపిస్తూనే ఉంది. ఇవాళ గేటుదాకా వెళ్ళి చూడలేదు.

సీతారావమ్మ తలుపు దగ్గర నిలబడి, "కళ్ళజోడు?" అంది.

జేబు తట్టి చూపించాను.